ఏటా సగం జట్టు మారిపోతుంటే కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఎలా నిలబడుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎంఎస్‌కి వచ్చాక రూమ్మేట్ల పుణ్యమా అని ఈ హెల్మెట్ల అమెరికన్ ఫుట్‌బాల్ అలవాటైంది, పోయిన సీజన్‌లో మీ యూనివర్సిటీ జట్టులో అందరి పేర్లూ నేర్చుకున్నారు, జనవరి దాటేసరికి క్వార్టర్‌బ్యాక్‌తో (బంతి విసురుతూ ఆట నడిపేవాడు) సహా ముప్పై మంది దాకా వేరే కాలేజీలకు వెళ్ళిపోయారు, వాళ్ళ స్థానంలో ఎవరెవరో వచ్చారు. దీన్ని ఎలా ఒప్పుకుంటున్నారు, ఇలా కట్టిన జట్టు అసలు బాగుపడుతుందా అని మీ సందేహం.

ముందు నేనెవరో చెప్తాను, లేకపోతే ఏ టీవీ విశ్లేషకుడో అనుకుంటారు. నేను కోచ్‌ని కాదు. ఇక్కడ ఒక మధ్యస్థాయి ప్రభుత్వ యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో చాలా ఏళ్ళుగా అకడమిక్ అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. పోర్టల్ నుంచి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా నుంచి, ఎవరొచ్చినా ముందు అతని ట్రాన్స్‌స్క్రిప్ట్ నా బల్ల మీదికి వస్తుంది, వెళ్ళేవాళ్ళు కూడా చాలామంది వెళ్ళేముందు నా గదిలో కాసేపు కూర్చుని వెళ్తారు.

సూటిగా సమాధానం: బాగుపడొచ్చు, ఒక్క ఏడాదిలోనే బాగుపడొచ్చు. కానీ అసలు దెబ్బ స్టార్ ఆటగాడు వెళ్ళడం వల్ల తగలదు. రెండో వరసలో కూర్చుని, రెండేళ్ళు నేర్చుకుని, మూడో ఏట మొదటి వరసకు రావలసినవాళ్ళు వెళ్ళిపోవడం వల్ల తగులుతుంది. స్టార్ పోతే డబ్బు పెట్టి ఇంకో స్టార్‌ని తెచ్చుకోవచ్చు. బెంచి మీద తయారవుతున్నవాణ్ణి మార్కెట్‌లో కొనలేరు, ఎందుకంటే అతను మీ దగ్గర, మీ పద్ధతిలో తయారవుతున్నాడు కాబట్టే అతనికి విలువ.

ఇది ఎలా మొదలైందంటే, ఒకప్పుడు కాలేజీ మారాలంటే పాత కోచ్ అనుమతి కావాలి, అతను కాదంటే కొత్త కాలేజీ వాళ్ళు మీతో మాట్లాడ్డానికే వీల్లేదు, మారినా మొదటి ఏడాది మ్యాచ్‌లు ఆడకుండా కూర్చోవాలి. డిగ్రీ పూర్తి చేసి వెళ్ళేవాళ్ళకు మాత్రం ఈ శిక్ష లేదు, క్వార్టర్‌బ్యాక్ జో బరో 2018లో ఒహాయో స్టేట్ నుంచి ఎల్‌ఎస్‌యూకి అలాగే వెళ్ళి మరుసటి ఏడాది, కాలేజీ ఆటగాళ్ళలో ఉత్తముడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కొట్టాడు. 2018 అక్టోబర్ 15న, కాలేజీ ఆటలని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచింది. పోర్టల్ అంటే పెద్ద మాయేమీ కాదు, ఒక డేటాబేస్. ఆటగాడు రాతపూర్వకంగా అడిగితే రెండు పనిదినాల్లో కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసు అతని పేరు అందులో ఎక్కించాలి, ఎక్కిన క్షణం నుంచి ఎవరైనా ఫోన్ చేసుకోవచ్చు. 2021 ఏప్రిల్‌లో ఒకసారి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదన్నారు. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు, ఇక్కడ అందరూ ఎన్‌ఐఎల్ అంటారు. ఈ రెండూ మూడు నెలల తేడాలో వచ్చి పడ్డాయి, మిగతాదంతా దాని పర్యవసానమే. చివరికి 2023 డిసెంబర్‌లో వెస్ట్ వర్జీనియాలో ఫెడరల్ కోర్టు రెండోసారి మారేవాళ్ళనీ ఆపొద్దని ఉత్తర్వు ఇచ్చింది, 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ చేతులెత్తేసి, చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చు, వెంటనే ఆడొచ్చు అంది.

మన భాషలో చెప్పాలంటే రిటెన్షన్ లేని ఐపీఎల్ మెగా వేలం ఏటా జరిగినట్టు. పైగా ఇక్కడ వేలంపాట బాహాటంగా ఉండదు.

సరే, జట్టు లెక్కల్లోకి వద్దాం. పాత రోజుల్లో పెద్ద డివిజన్ జట్టుకి 85 స్కాలర్‌షిప్‌లు, ఏడాదికి కొత్తగా 25 మందికి మించి తీసుకోకూడదు. ఆ 25 నిబంధనే అసలైన కాపలా. ఎందుకంటే 40 మంది వెళ్ళిపోయినా 25 మందే వస్తారు కాబట్టి, ఉన్నవాళ్ళని వదులుకోవాలంటే కోచ్‌కి భయం ఉండేది. 2022లో దాన్ని సడలించారు, తర్వాత పూర్తిగా ఎత్తేశారు. ఆ కాపలా పోయాకే కొత్త కోచ్ రాగానే సగం జట్టుని సాగనంపడం సాధ్యమైంది. ఇక ఆటగాళ్ళకి డబ్బు చెల్లింపుల మీద నడిచిన హౌస్ కేసు సెటిల్మెంట్‌తో (2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు) స్కాలర్‌షిప్ పరిమితి పోయి, దాని బదులు రోస్టర్‌కే, అంటే మొత్తం జట్టు జాబితాకే, 105 మంది అని హద్దు వచ్చింది. విని ఎక్కువైంది కదా అనుకుంటారు. కాదు, తగ్గింది. ఇదివరకు 85 మందికి తోడు సొంత ఖర్చుతో ఆడే వాక్-ఆన్‌లు ఎందరైనా ఉండేవారు, 120 దాటిన జట్లు బోలెడు. ఇప్పుడు ఆ వాక్-ఆన్ కుర్రాడికే చోటు కరువు. సెటిల్మెంట్ నాటికే జట్టులో ఉన్నవాళ్ళకి కొంత మినహాయింపు ఇచ్చారు గానీ అది వాళ్ళతోనే సరి.

ఇప్పుడు మీ జట్టు రోస్టర్ పేజీ తెరిచి, పేర్ల పక్కన ఎన్నో ఏడాది అని రాసి ఉంటుంది చూడండి. పాత జట్టులో మొదటి ఏడాది వాళ్ళు చాలామంది, రెండు, మూడు ఏళ్ళవాళ్ళు అంతకంటే కొంచెం తక్కువ, చివర్లో ఓ పదిహేను ఇరవై మంది సీనియర్లు, అలా మెట్లు మెట్లుగా ఉండేది. ఇప్పుడు పైన నాలుగు, ఐదో ఏడాది వాళ్ళు గుంపుగా ఉంటారు (వాళ్ళలో చాలామంది నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళే), కింద హైస్కూల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఉంటారు, నడిమి భాగం పలచబడిపోయింది. రెండో ఏడాది అయ్యేసరికి ఆడే అవకాశం రాకపోతే పోర్టల్. ఆడి బాగా రాణిస్తే, పెద్ద కాలేజీ పిలిస్తే, అప్పుడూ పోర్టల్.

అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలేది అఫెన్సివ్ లైన్‌కి, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ముందు వరసకి. టీవీలో క్వార్టర్‌బ్యాక్ గురించే మాట్లాడతారు గానీ, అతని ముందు నిలబడే ఐదుగురు ఒకరి అడుగు ఇంకొకరికి తెలిసేలా కలిసి కదలాలి. ఎదుటివాళ్ళు చివరి క్షణంలో స్థానాలు మారితే ఎవరు ఎవర్ని పట్టుకోవాలో మధ్యలో ఉండే సెంటర్ ఒక్క మాట అరుస్తాడు, మిగతా నలుగురికీ అది అలవాటై ఉండాలి. హైస్కూల్ నుంచి వచ్చిన కుర్రాడికి ఆ ఒళ్ళు రావడానికే రెండేళ్ళు పడుతుంది, తిండి, జిమ్, నిద్ర అన్నీ లెక్కే. అందుకే లైన్‌మన్ మూడో ఏటగానీ పనికి రాడని కోచ్‌లు అంటుంటారు. ఆ మూడో ఏటికి అతను మీ దగ్గర ఉంటాడన్న నమ్మకం ఇప్పుడు లేదు. కొలరాడో కథ చూడండి. 2022లో 1-11, అంటే ఒక్క గెలుపు, పదకొండు ఓటములు. డీయన్ శాండర్స్ కోచ్‌గా వచ్చి పాతవాళ్ళని దాదాపు ఖాళీ చేసి 50 మందికి పైగా ట్రాన్స్‌ఫర్లను తెచ్చాడు. 2023లో 4-8. కొడుకు షెడూర్, దాడిలోనూ రక్షణలోనూ ఆడే ట్రావిస్ హంటర్, ఇద్దరూ అద్భుతమైన ఆటగాళ్ళే, కానీ అతుకులబొంత లైన్ వెనక షెడూర్ ఆ సీజన్‌లో 50కి పైగా సార్లు నేల కరిచాడు. 2024లో కాస్త కుదురుకుని 9-4, హంటర్‌కి హైస్మన్. వాళ్ళిద్దరూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళగానే 2025లో 3-9. ఏ ఏడాదికా ఏడాది మళ్ళీ పునాది తవ్వుకోవడమే.

ఫ్లోరిడా స్టేట్‌ది ఇంకా విచిత్రం. 2023లో ట్రాన్స్‌ఫర్ల బలంతో (క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ లూయివిల్ నుంచి, జారెడ్ వర్స్ ఆల్బనీ నుంచి, కియాన్ కోల్‌మన్ మిషిగన్ స్టేట్ నుంచి వచ్చినవాళ్ళే) 13-0 కొట్టింది. జోర్డన్ ట్రావిస్ గాయపడ్డాడు, ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు, చాలామంది తప్పుకున్నాక సీజన్ చివరి ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడింది. మరుసటి ఏడాది మళ్ళీ అదే మంత్రం వేశారు, పాతవాళ్ళ చోట కొత్త ట్రాన్స్‌ఫర్లు. 2-10. పదమూడు గెలుపుల నుంచి రెండు గెలుపులకి పన్నెండు నెలలు. ఆ జట్టు కింద తయారవుతున్న వరస లేదు, పైన పరిచిన తివాచీ లాగేసరికి కింద నేలే కనిపించింది.

అలాగని పోర్టల్ అంటే నాశనమే అనుకోకండి. ఇండియానాని చూడండి. ఆ పేరు చెప్తే ఫుట్‌బాల్ వాళ్ళు నవ్వేవారు, అన్ని ఓటములు మూటగట్టుకున్న జట్టు అది. 2023లో 3-9. కర్ట్ సిగ్నెట్టి జేమ్స్ మ్యాడిసన్ యూనివర్సిటీ నుంచి కోచ్‌గా వస్తూ అక్కడి ఆటగాళ్ళని డజనుకు పైగా వెంట తెచ్చుకున్నాడు. 2024లో 11-2. 2025లో కాలిఫోర్నియా నుంచి ఫెర్నాండో మెండోజా క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చి హైస్మన్ గెలిచాడు, జట్టు 16-0తో 2026 జనవరిలో మయామీని 27-21తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. అందరూ మెండోజా పేరే చెప్తారు. నేను చెప్పేది వేరు: ఐడెన్ ఫిషర్, మికాయిల్ కమారా, డిఏంజెలో పాండ్స్, ఎలైజా సారట్, వీళ్ళంతా కోచ్‌తో పాటు జేమ్స్ మ్యాడిసన్ నుంచి వచ్చి రెండో ఏడు కూడా ఇండియానాలోనే ఉన్నారు. వాళ్ళకి కోచ్ పద్ధతి పాత కాలేజీలోనే తెలుసు. అంటే కాగితం మీద ట్రాన్స్‌ఫర్లు, ఆటలో మాత్రం పాతకాపులు. వాండర్‌బిల్ట్ కూడా అంతే, డియేగో పావియా న్యూ మెక్సికో స్టేట్ నుంచి ఒంటరిగా రాలేదు, అక్కడి కోచ్‌లు, తోటివాళ్ళు కొందరితో కలిసి వచ్చాడు, 2024 అక్టోబర్‌లో నంబర్ వన్ అలబామాని 40-35తో కొట్టారు. గుంపుగా కదిలిన చోట పోర్టల్ పనిచేస్తుంది. తలా ఒక దిక్కు నుంచి వచ్చిన యాభై మందితో పనిచేయడం కష్టం.

దీనికి రెండో వైపు కూడా ఉంది, కోచ్ వెళ్ళిపోయిన కాలేజీ గతి. 2024 డిసెంబర్‌లో మార్షల్ యూనివర్సిటీ తన కాన్ఫరెన్స్‌లో (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) ఛాంపియన్ అయింది. కోచ్ సదరన్ మిస్ అనే వేరే కాలేజీకి వెళ్ళాడు, ఆటగాళ్ళు పాతిక మందికి పైగా పోర్టల్‌లోకి దూకారు, ఇండిపెండెన్స్ బౌల్ ఆడ్డానికి చాలినంతమంది లేక ఆ మ్యాచ్ నుంచే తప్పుకున్నారు. ట్రోఫీ ఎత్తిన జట్టు మూడు వారాలు తిరక్కుండానే లేకుండా పోయింది. చిన్న కాలేజీలన్నిటికీ ఇప్పుడు ఇదే బెడద, పెద్ద కాలేజీలకి మనుషుల్ని తయారుచేసి పంపే నర్సరీలైపోయాయి. క్యామ్ వార్డ్‌కి హైస్కూల్ నుంచి పెద్ద కాలేజీ ఏదీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, టెక్సస్‌లో ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీలో మొదలై, కోచ్ వెంట వాషింగ్టన్ స్టేట్‌కి, అక్కణ్ణుంచి మయామీకి, చివరికి 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు అతనిదే. కుర్రాడి వైపు నుంచి చూస్తే ఇంతకంటే మంచి కథ లేదు. మధ్యలో రెండు కాలేజీల రోస్టర్ షీట్లలో క్వార్టర్‌బ్యాక్ గడి ఖాళీ.

క్వార్టర్‌బ్యాక్ గడికి ఇంకో తంటా, ఒక్కడే ఆడతాడు. లైన్‌లో ఐదుగురికి చోటుంటుంది, బంతి పట్టే రిసీవర్లు ముగ్గురు నలుగురు ఆడతారు, ఇక్కడ రెండోవాడు ఏడాదంతా క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడాలి. అందుకే మంచి బ్యాకప్ ఎవడూ నిలవడు. పెన్ స్టేట్ 2024లో ప్లేఆఫ్‌కి వెళ్తుంటే, బ్యాకప్ బో ప్రిబ్యూలా జట్టు ఇంకా ఆడుతుండగానే పోర్టల్‌లోకి వెళ్ళాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ డిసెంబర్ గడువు దాటితే వేరే కాలేజీల్లో చోట్లు నిండిపోతాయి. ఆ గొడవల వల్లే ఇప్పుడు ఏప్రిల్ గడువు తీసేసి, పోర్టల్‌లో చేరడానికి జనవరి 2 నుంచి 16 దాకా ఒక్కటే కిటికీ పెట్టారు (కోచ్ మారిన జట్లకి వేరే గడువు ఉంటుంది). ఏప్రిల్ కిటికీ పోవడం మంచిదైంది, వసంతంలో ప్రాక్టీస్ అంతా చేయించి, ఆట ప్రణాళిక మొత్తం చెప్పాక ఆటగాడు పోతే కోచ్ గుండె ఆగినంత పని. 2025 ఏప్రిల్‌లో నికో యామలియావా టెనెసీ నుంచి యూసీఎల్ఏకి వెళ్ళడం, ఆ దెబ్బకి అక్కడ అప్పుడే చేరి ఉన్న జోయి ఆగిలార్ టెనెసీకి రావడం చూశారు కదా, రెండు జట్లు క్వార్టర్‌బ్యాక్‌లని ఇచ్చిపుచ్చుకున్నాయి. యూసీఎల్ఏకి కలిసిరాలేదు, 3-9.

ఇక నా పనిలోకి వస్తే, టీవీలో ఎవరూ మాట్లాడనిది క్రెడిట్లు. ఎన్‌సీఏఏలో చాలాకాలంగా ఉన్న లెక్క 40-60-80, అంటే మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తై ఉండాలి. ఏ డిగ్రీలో? కొత్త కాలేజీ డిగ్రీలో. మన ఎంఎస్ పిల్లలకి ఈ బాధ తెలుసు, అక్కడ తీసుకున్న కోర్సు ఇక్కడ ఎలెక్టివ్ కిందే చెల్లుతుంది, కొన్ని అసలు చెల్లవు. ఒక డిఫెన్సివ్ లైన్ కుర్రాడి సంగతి చెప్తాను, వివరాలు కొంచెం మార్చాను. మూడేళ్ళు వేరే చోట చదివి వచ్చాడు, ట్రాన్స్‌స్క్రిప్ట్ మీద 87 క్రెడిట్లు, చూడ్డానికి దివ్యంగా ఉంది. అతని మేజర్ మా దగ్గర లేదు. దగ్గరగా ఉన్న కమ్యూనికేషన్ డిగ్రీలోకి వేసి చూస్తే పట్టినవి 61. నాలుగో ఏడాది ఆడాలంటే డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్లలో 60 శాతం, 72 కావాలి. కోచ్ ఆఫీసు నుంచి గంటకో ఫోన్, కుర్రాడి తల్లి నుంచి ఇంకో ఫోన్, క్లాసులు మొదలవడానికి నాలుగు రోజులుంది. చివరికి అన్ని విభాగాల కోర్సులూ కలిపి ఇచ్చే జనరల్ డిగ్రీ ఒకటుంటుంది, అందులో పెడితే 74 పట్టాయి. ఆడాడు, బాగానే ఆడాడు. కానీ వ్యాపారమో, టీచింగో చదువుదామని వచ్చినవాళ్ళు కూడా ఇలా ఆ ఒక్క డిగ్రీలోకే వచ్చి పడుతున్నారు, అది నాకు నచ్చదు. రెండుసార్లు, మూడుసార్లు మారినవాళ్ళకైతే డిగ్రీ చేతికి రావడమే గగనం. డిగ్రీ పూర్తయ్యాక మారేవాళ్ళకి ఈ తలనొప్పి లేదు, అందుకే నా గదిలో కూర్చున్నవాళ్ళకి నేను చెప్పే ఒకే మాట: వెళ్ళు, కానీ వేసవిలో ఇంకో రెండు కోర్సులు చేసి పట్టా పట్టుకుని వెళ్ళు. వినేవాళ్ళు తక్కువ.

ఇంకోటి, పోర్టల్‌లో పేరు ఎక్కిందంటే చోటు దొరికినట్టు కాదు. పేరు ఎక్కించుకున్నాక పాత కాలేజీ ఆ టర్మ్ తర్వాత స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. వార్తల్లోకి వచ్చేది పెద్ద ఒప్పందాలు కుదిరినవాళ్ళే. ఏ కాలేజీ పిలవక, కింది డివిజన్‌కి దిగి, లేదా ఆటే మానేసినవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు, వాళ్ళ పేర్లు ఎవరూ రాయరు.

డబ్బు గురించి కూడా రెండు ముక్కలు. 2025-26కి ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్ళందరికీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చన్నారు, పెద్ద కాలేజీల్లో అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే. దాంతో జనరల్ మేనేజర్ అనే పదవికి ప్రాధాన్యం పెరిగింది, స్టాన్‌ఫర్డ్ తన పాత క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌నే ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఇప్పుడు ఏ పొజిషన్‌కి ఎంత అని పద్దు వేసుకుంటున్నారు. నా ఉద్దేశంలో దీనివల్ల మంచి కూడా జరగొచ్చు, రెండేళ్ళ ఒప్పందం రాసుకుని నడిమి వరస వాణ్ణి నిలబెట్టుకోగలిగే కాలేజీలే ముందుకెళ్తాయి. ఒప్పందం ఉన్నా పోయేవాళ్ళు పోతున్నారనుకోండి, విస్కాన్సిన్ అలాంటి విషయంలోనే 2025లో మయామీ మీద కేసు వేసింది. నష్టపోయేది మాత్రం హైస్కూల్ పిల్లలు. పద్దెనిమిదేళ్ళవాణ్ణి తీసుకుని మూడేళ్ళు పెంచే బదులు, ఇంకో కాలేజీ పెంచిన ఇరవై రెండేళ్ళవాణ్ణి తెచ్చుకుందాం అని కోచ్ అనుకుంటే తప్పు పట్టలేం, ఉద్యోగం అతనిది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో కేటీలోనో మన పిల్లలు కూడా హైస్కూల్ జట్లలో కనిపిస్తున్నారు ఈ మధ్య, వాళ్ళ తల్లిదండ్రులకి నేను ఇదే చెప్తాను, మొదటి ఏడాదే ఆడించే చిన్న కాలేజీ అయితే వెళ్ళండి, పెద్ద పేరు చూసి మురిసిపోకండి.

పోర్టల్ లేకుండా బతకలేమా అంటే, ఆర్మీ బతుకుతోంది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ కాబట్టి వేరే కాలేజీ ఆటగాణ్ణి తెచ్చి దింపే వీలు దాదాపు లేదు, నాలుగేళ్ళు అక్కడే పెరిగినవాళ్ళతోనే ఆడాలి. 2024లో 12-2, కాన్ఫరెన్స్ ఛాంపియన్. అయితే వాళ్ళ ఆట తీరే వేరు, పరుగు మీదే నడిపిస్తారు, పైగా అక్కడ చేరినవాళ్ళు సైన్యం కోసం చేరతారు. మిగతా కాలేజీలు దాన్ని కాపీ కొట్టలేవు.

చివరిగా, వచ్చే సీజన్ మీ జట్టు ఎలా ఉంటుందో మీరే అంచనా వేసుకోవాలంటే కొత్త క్వార్టర్‌బ్యాక్ వీడియోలు చూడ్డం మానేసి ఇవి చూడండి. అఫెన్సివ్ లైన్‌లో పోయిన ఏడాది ఆడిన ఐదుగురిలో ఎందరు మిగిలారు, ముగ్గురుంటే పర్లేదు, ఒక్కడే ఉంటే సెప్టెంబర్‌లో కష్టాలు తప్పవు. అఫెన్స్, డిఫెన్స్ కోఆర్డినేటర్లు (దాడికీ రక్షణకీ విడివిడిగా ఉండే కోచ్‌లు) ఇద్దరూ ఉన్నారా, కోఆర్డినేటర్ ఉంటే కొత్తవాళ్ళకి చెప్పేవాళ్ళైనా ఉన్నట్టు. వచ్చిన ట్రాన్స్‌ఫర్లు పాత చోట నిజంగా మ్యాచ్‌లు ఆడినవాళ్ళా, లేక పెద్ద కాలేజీ బెంచి మీద కూర్చుని వచ్చినవాళ్ళా. చిన్న కాలేజీలో ముప్పై మ్యాచ్‌లు ఆడినవాడు, పెద్ద కాలేజీలో ఆరు ఆడినవాడి కంటే నయమని మా కోచ్‌లు కూడా ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. మీ రోస్టర్ పేజీ లింకు పెట్టండి, ఏడాదుల వారీగా నడిమి వరసలో ఎందరున్నారో లెక్కేసి చెప్తాను.